పేపర్లో వచ్చిన రోడ్డు

2020 జూన్ 16 రాత్రి మా ఇంట్లో ఎవరూ సరిగ్గా అన్నం తినలేదు. నేను ఉద్యోగంలో చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. కరోనా పుణ్యమా అని ఊళ్ళోనే వర్క్ ఫ్రమ్ హోమ్. మా ఊరి నుంచి సూర్యాపేట బస్సులో అరగంట దారి. గల్వాన్ లో చనిపోయిన ఇరవై మందిలో కల్నల్ సంతోష్ బాబుది సూర్యాపేటే అని తెలిసినప్పటి నుంచి ఆ వార్త ఎక్కడో లద్దాఖ్ లో జరిగినట్టు లేదు, పక్క వీధిలో జరిగినట్టే ఉంది. మా నాన్న టీవీ ముందు నుంచి లేవకుండా నన్నడిగాడు, "ఏరా, ఇంతకీ వాళ్ళకేం కావాలంట? ఎందుకు చేస్తున్నారంట ఇదంతా?"

నేను ఇంజనీరుని కాబట్టి నాకన్నీ తెలుసని ఆయన నమ్మకం. నాకు తెలియదు. టీవీలో అరుస్తున్న ఆరుగురికీ తెలిసినట్టు అనిపించలేదు. బీజింగ్ వాళ్ళు ఏమంటున్నారో వాళ్ళ భాషలో చదివొచ్చి చెప్పినవాడు, నేను చూసినంతలో, ఆ రాత్రి ఒక్కడూ లేడు.

రెండు వారాల తర్వాత, జూన్ 29న, ప్రభుత్వం 59 చైనా యాప్ లని నిషేధించింది. మా ఆఫీసులో వెంటనే ఓ టికెట్ పడింది: మన కోడ్ లో చైనా లైబ్రరీలు ఏమేం ఉన్నాయో లిస్టు తియ్యండి అని. తీస్తే ఒకటి దొరికింది. ఎవరో ఎప్పుడో పెట్టి వెళ్ళిపోయిన లైబ్రరీ. ఫైలు పైభాగంలో చైనీస్ లో నాలుగు లైన్ల కామెంటు. అంతకు మూడు నెలల ముందు ఇదే లైబ్రరీ మా సర్వీసుని ఓ ఆదివారం పూట పడుకోబెట్టింది, మేం తెల్లార్లూ కూర్చుని కారణం వెతికాం. ఇప్పుడు ఆ నాలుగు లైన్లని మెషీన్ ట్రాన్స్లేషన్ లో వేసి చూస్తే, తర్వాతి వెర్షన్ లో ఫలానా ఫంక్షన్ తీసేస్తున్నాం, వాడకండి అని ఉంది. అంటే మాకు కావలసిన జవాబు ఏడాదిగా మా రిపాజిటరీలోనే ఉంది. మేం దాన్ని ముగ్గులాగా చూసి వదిలేశాం.

ఈ రెండు సంగతులూ ఒకదాని పక్కన ఒకటి పడి నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. అప్పటి నుంచి దొరికినప్పుడల్లా 1962 గురించి చదువుతున్నాను. యుద్ధం ఎలా జరిగిందన్న దానికన్నా, యుద్ధానికి ముందు చైనా గురించి మనకేం తెలుసు, ఎవరి ద్వారా తెలుసు అన్నదే నన్ను ఎక్కువ పట్టుకుంది. చదివేకొద్దీ మా ఆదివారం బగ్గే గుర్తొచ్చింది.

అక్సాయ్ చిన్ రోడ్డు సంగతి తీసుకోండి. సింకియాంగ్ నుంచి టిబెట్ కి చైనా వేసిన రోడ్డులో సుమారు 180 కిలోమీటర్లు మనం మనదని చెప్పుకునే భూమి మీంచి పోతుంది. ఇది రహస్యంగా కట్టిన రోడ్డని మనం చిన్నప్పుడు విన్నాం. అయితే రోడ్డు పూర్తయిందని 1957 సెప్టెంబరులో చైనా తనంతట తనే ప్రకటించుకుంది. వాళ్ళ పేపర్లలో గర్వంగా వేసుకున్నారు. చిన్న మ్యాపు కూడా వచ్చింది. పీకింగ్ లోని మన ఎంబసీ ఆ వార్తని ఢిల్లీకి పంపింది. ఆ మ్యాపు మరీ చిన్నది కాబట్టి రోడ్డు మన వైపు నుంచి పోతోందో లేదో తేలలేదు. చలికాలంలో మనుషుల్ని పంపడం కుదరదు కాబట్టి 1958 వేసవి దాకా ఆగి రెండు గస్తీ బృందాల్ని పంపారు. ఒక బృందాన్ని చైనా సైనికులు పట్టుకున్నారు. చివరికి 1958 అక్టోబరు 18న మనం నిరసన లేఖ ఇచ్చాం. పేపర్లో వార్త వచ్చిన పదమూడు నెలలకి.

ఇక్కడ ఇంటెలిజెన్స్ బ్యూరో వాళ్ళ వైపు మాట కూడా చెప్పాలి. అప్పటి డైరెక్టర్ బి.ఎన్. మల్లిక్ 1971లో రాసిన పుస్తకంలో, ఆ ప్రాంతంలో రోడ్డు పని జరుగుతోందని తాము ఏళ్ళ ముందు నుంచే రిపోర్టులు పంపుతూ వచ్చామని చెప్పుకున్నారు. సరే, నమ్ముదాం. నమ్మితే పరిస్థితి ఇంకా ఘోరం కదా? సమాచారం ఒకవైపు నుంచి కాదు, రెండు వైపుల నుంచీ వచ్చింది. లేనిది దాన్ని తీసుకుని, నాలుగేళ్ళ కిందటి దానితో కలిపి చదివి, దీని అర్థం ఇదీ అని మొహమాటం లేకుండా చెప్పే మనిషి.

మనకి చైనా తెలిసినవాళ్ళే లేరా అంటే, ఉన్నారు. ఠాగూర్ శాంతినికేతన్ లో చీనా భవన్ మొదలైంది 1937లో. తాన్ యున్-షాన్ అనే చైనా పండితుడు దానికోసం జీవితం పెట్టాడు. ప్రబోధ్ చంద్ర బాగ్చీ లాంటి మహామహులు బౌద్ధ గ్రంథాల చైనీస్ అనువాదాల మీద చేసిన పని ఇప్పటికీ గొప్పదే. స్వతంత్రం వచ్చే రోజుల్లో మన విద్యార్థులు కొందరు చైనా వెళ్ళి చదువుకున్నారు. వాళ్ళలో ఒకరైన పరాంజపే 1954లో నెహ్రూ, మావో మాట్లాడుకున్నప్పుడు దుబాసీగా కూర్చున్నారు. అయితే ఈ చదువంతా హుయాన్ త్సాంగ్ చుట్టూ, సంస్కృత సూత్రాల చుట్టూ తిరిగింది. ఏడో శతాబ్దపు చైనా గురించి మన దగ్గర పండితులున్నారు. ఆ వారం పీపుల్స్ డైలీ సంపాదకీయం చదివి, దీనికీ పోయిన నెల దానికీ తేడా ఏమిటో చెప్పేవాళ్ళు మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టేంత మంది. ఢిల్లీలో సప్రూ హౌస్ లో ఇండియన్ స్కూల్ ఆఫ్ ఇంటర్నేషనల్ స్టడీస్ 1955లో పుట్టింది, కానీ ఏడేళ్ళలో చెట్టు కాయలు కాయదు.

ఇంకో సంగతి నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. 1954 జులైలో నెహ్రూ మన మ్యాపుల్లో ఉత్తర సరిహద్దుని గట్టి గీతగా వేయమని ఆదేశించారు. అంతకుముందు లద్దాఖ్ తూర్పున ఆ గీత ఖరారు కానిదిగానే ఉండేది. విదేశాంగ శాఖ చరిత్ర విభాగం నుంచి సర్వేపల్లి గోపాల్ ని (మన రాధాకృష్ణన్ గారి అబ్బాయే) లండన్ పంపి, పాత బ్రిటిష్ ఫైళ్ళు చూసి మన వాదన ఎంత గట్టిదో తేల్చమన్నది 1959లో. గోపాల్ గొప్ప చరిత్రకారుడు, అందులో అనుమానం లేదు. మన వాదన గట్టిదేనని ఆయన చెప్పారు. తప్పని చెప్పానని నేననడం లేదు. కానీ రిలీజ్ అయిపోయిన ఐదేళ్ళకి డిజైన్ రివ్యూ పెడితే, రివ్యూ చేసేవాడు ఎంత నిజాయితీపరుడైనా, "ఆపండి" అనగలడా? ఆ పాటికి పార్లమెంటు అగ్గిమీద ఉంది, పేపర్లు అగ్గిమీద ఉన్నాయి.

1962 సెప్టెంబరుకి వద్దాం. అప్పటికి ఫార్వర్డ్ పాలసీ పది నెలలుగా నడుస్తోంది. మన చిన్న చిన్న పోస్టులు చైనా పోస్టుల వెనక్కీ పక్కకీ పోయి కూర్చుంటున్నాయి, వాళ్ళు పెద్దగా యుద్ధానికి దిగరన్న నమ్మకం మీద. సెప్టెంబరు 22న పీపుల్స్ డైలీలో ఓ సంపాదకీయం వచ్చింది. ఇదే సహిస్తే ఇక సహించరానిదంటూ ఏముంటుంది, అని దాని శీర్షిక అర్థం. ఆ మాట కన్ఫ్యూషియస్ సూక్తుల్లోది, చైనాలో చదువుకున్న ప్రతివాడికీ తెలిసినది. మనకి "కాలు దువ్వుతున్నాడు" అంటే ఎద్దు గుర్తొచ్చినట్టు, వాళ్ళకి ఆ మాట వినగానే తర్వాత ఏమొస్తుందో గుర్తొస్తుంది. ఎలన్ వైటింగ్ అనే అమెరికన్ పండితుడు 1975లో వేసిన పుస్తకంలో ఈ హెచ్చరికల్ని వరుసగా పేర్చి చూపించాడు. 1950లో కొరియాలో దిగే ముందు ఎలా ఒక్కో మెట్టు పెంచుకుంటూ పోయారో, 1962లో మనతోనూ అలాగే. మన భాషలో చెప్పాలంటే వార్నింగ్, ఎర్రర్, ఫేటల్ అని లెవెల్స్ పెట్టి మరీ ప్రింట్ చేశారు. మనవాళ్ళు అన్నిటినీ ఇన్ఫో కింద ఫిల్టర్ చేసేసుకున్నారు. అక్టోబరు 12న కొలంబో వెళ్తూ నెహ్రూ, మన భూభాగాన్ని ఖాళీ చేయించమని సైన్యానికి చెప్పామని విలేఖరులతో అన్నారు. ఎనిమిది రోజులకి యుద్ధం మొదలైంది.

ఆ తర్వాత మనం చేసిన పని ఒకటి చదివినప్పుడు పుస్తకం మూసేసి కాసేపు బయట తిరిగొచ్చాను. దేశంలో చైనీస్ మాట్లాడగల మనుషులు మనకి బాగా అవసరమైన సమయం అది. సరిగ్గా అప్పుడే అస్సాం, బెంగాల్ ల నుంచి దాదాపు మూడు వేల మంది చైనా సంతతి వాళ్ళని, పిల్లలూ ముసలివాళ్ళతో సహా, రైళ్ళెక్కించి రాజస్థాన్ లోని దేవలీ క్యాంపులో పెట్టాం. చాలామంది ఇక్కడే పుట్టినవాళ్ళు. కొందరు అక్కడ ఏళ్ళ తరబడి ఉన్నారు. గూఢచారులన్న అనుమానం, అంతే. విచారణ లేదు.

ఈ తెలివితక్కువతనం మన ఒక్కళ్ళ సొత్తే అనుకుని బాధపడకండి. అమెరికా వాడు ఇంకా పద్ధతిగా చేశాడు. జాన్ సర్వీస్, జాన్ పేటన్ డేవిస్ అనే ఇద్దరు దౌత్యాధికారులు ఉండేవారు. ఇద్దరూ మిషనరీల పిల్లలు, ఇద్దరూ చైనాలోనే సిచువాన్ లో పుట్టారు, ఆ భాష వాళ్ళకి వీధిలో ఆడుకుంటూ వచ్చింది. సర్వీస్ 1944లో యెనాన్ వెళ్ళి కమ్యూనిస్టుల్ని దగ్గరగా చూసి, జనం వీళ్ళ వెనకాల ఉన్నారు, చియాంగ్ కై-షేక్ మీద మొత్తం పందెం కాయకండి అని రాశాడు. 1949లో అదే నిజమైంది. బహుమానంగా ఆయన్ని 1951లో ఉద్యోగంలోంచి తీసేశారు. చైనాని "పోగొట్టింది" వీళ్ళేనని! డేవిస్ ని 1954లో పంపేశారు, ఆయన పెరూ వెళ్ళి ఫర్నిచర్ వ్యాపారం పెట్టుకున్నాడు. సర్వీస్ సుప్రీంకోర్టు దాకా వెళ్ళి 1957లో గెలిచాడు గానీ, మళ్ళీ చైనా వ్యవహారాల దగ్గరికి రానివ్వలేదు.

దీని ఖరీదు ఎంత? 1950 అక్టోబరు 3 తెల్లవారుజామున, అర్ధరాత్రి దాటాక, చౌ ఎన్-లై మన రాయబారి కె.ఎం. పణిక్కర్ ని నిద్రలేపి పిలిపించి, అమెరికా సైన్యం 38వ అక్షాంశం దాటితే మేం దిగుతాం అని చెప్పాడు. పణిక్కర్ ఆ కబురు చేరవేశారు. ఆయన చైనా వైపు మొగ్గే మనిషి, ఇది ఉత్త బెదిరింపు అని వాషింగ్టన్ కొట్టిపారేసింది. అదే నెలలో చైనా సైన్యం యాలూ నది దాటింది. ఆ యుద్ధం ఇంకో మూడేళ్ళు సాగింది. వియత్నాం యుద్ధం నడిపిన రక్షణమంత్రి మెక్ నమారా 1995లో రాసిన పుస్తకంలో, మాకు ఆ ప్రాంతం గురించి చెప్పేవాళ్ళే లేకపోయారు, డేవిస్, సర్వీస్ లాంటి వాళ్ళని యాభైల్లో ఏరిపారేశాం కదా, అని ఒప్పుకున్నాడు. ఎప్పుడు? నలభై ఏళ్ళ తర్వాత.

డబ్బుండి, విశ్వవిద్యాలయాలుండి కూడా స్వతంత్రం అంత తేలిగ్గా రాదు. హార్వర్డ్ లో 1948లో రష్యా పరిశోధన కేంద్రం పెట్టారు, కార్నెగీ వాళ్ళ డబ్బుతో. ఆ ఏడాదే అక్కడ డైరెక్టర్ కింద పనిచేసే స్టువర్ట్ హ్యూస్ అనే చరిత్రకారుడు ఎన్నికల్లో హెన్రీ వాలెస్ ని సమర్థించాడని కార్నెగీకి నచ్చలేదు. ఆయన ఆ పదవి వదులుకోవాల్సి వచ్చింది. రష్యా మీద ఆయన రాసింది తప్పని ఎవరూ అనలేదు, గమనించండి.

మరి ఎవడు సరిగ్గా చేశాడయ్యా అంటే, నాకు బాగా నచ్చింది హాంకాంగ్ లోని ఓ హంగేరియన్ పాదిరీ. లాస్లో లాడనీ. చైనా నుంచి వెళ్ళగొట్టబడ్డ జెస్యూట్. 1953 నుంచి 1982 దాకా చైనా న్యూస్ అనాలిసిస్ అని ఓ చిన్న పత్రిక నడిపాడు. పెద్ద ఆఫీసు లేదు, రహస్య వేగులు లేరు. చైనా పేపర్లు చదవడం, రాష్ట్రాల రేడియోలు వినడం, కత్తిరించి ఫైలు చెయ్యడం, నిన్న చెప్పినదాన్ని మొన్న చెప్పినదానితో పోల్చడం. ప్రపంచంలో చైనా మీద పనిచేసే ఎంబసీలు, విలేఖరులు, ప్రొఫెసర్లు అందరూ దాన్ని చదివేవారు. ఆ రోజుల్లో చాలామంది పాశ్చాత్య మేధావులు సాంస్కృతిక విప్లవాన్ని చూసి మైమరిచిపోతుంటే, ఈయన మాత్రం వాళ్ళ పేపర్లలోంచే అసలు సంగతి బయటికి తీసేవాడు. చర్చి మనిషి కాబట్టి కమ్యూనిజం అంటే పడదు, ఆ పక్షపాతం ఉంది. అయినా రోజూ చదివేవాడి పక్షపాతం కన్నా, చదవనివాడి తటస్థత ఎక్కువ ప్రమాదం అని నా అభిప్రాయం.

మనం యుద్ధం తర్వాత మేలుకున్నాం. 1964లో ఢిల్లీ విశ్వవిద్యాలయంలో చైనా అధ్యయనాల విభాగం మొదలైంది. వి.పి. దత్ నడిపించారు, ఫోర్డ్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. కుర్రాళ్ళు కొందరు శిక్షణకి అమెరికా వెళ్ళారు. చైనా వెళ్ళే దారి లేదు కాబట్టి, హాంకాంగ్ లోని అమెరికా కాన్సులేట్ అనువదించి పంచే చైనా పేపర్ల కట్టలే చాలామందికి ఆధారం. అంటే మన పొరుగువాడి గురించి మనం అమెరికా వాడి కళ్ళజోడు పెట్టుకుని చదివాం. తప్పు పట్టడం లేదు. ఆకలిగా ఉన్నప్పుడు ఎవరి వంట అని అడగం. కానీ అది సొంత వంట మాత్రం కాదు. 1965లో రక్షణశాఖ డబ్బుతో ఐ.డి.ఎస్.ఏ. వచ్చింది. అది ప్రభుత్వ ఇల్లు. ఇంటి యజమానిని ఎంతవరకు తిట్టొచ్చో అంతవరకే.

నాకు ఆశ కలిగించింది 1969లో మొదలైన చైనా స్టడీ గ్రూప్. గిరి దేశింగ్కర్, మీరా సిన్హా భట్టాచార్జీ, మనోరంజన్ మొహంతి లాంటి వాళ్ళు, విశ్వవిద్యాలయం నుంచి కొందరు, ప్రభుత్వంలోంచి వచ్చినవాళ్ళు కొందరు. ప్రతి బుధవారం కూర్చుని మాట్లాడుకునేవారు. చైనా గురించి దేశంలో రెండే మూడ్ లు నడిచే కాలం అది, ద్వేషం లేదా భజన. మన శ్రీకాకుళం కొండల్లో అప్పుడే చైనా ఛైర్మన్ మన ఛైర్మన్ అన్న నినాదం మీద కుర్రాళ్ళు ప్రాణాలిచ్చారు. 1970లో వాళ్ళ పార్టీ దూత సౌరెన్ బోస్ పీకింగ్ వెళ్తే, చౌ ఎన్-లై ఆ నినాదమే తప్పని మందలించి పంపాడు! భక్తులకి కూడా దేవుడి మనసు తెలియలేదన్నమాట. అలాంటి రోజుల్లో ఓ ఇరవై మంది ఏ వైపూ అరవకుండా వారం వారం చదువుకున్నారు. 1990లో అదే ఇన్స్టిట్యూట్ ఆఫ్ చైనీస్ స్టడీస్ అయింది.

అయితే ఇరవై మంది చాలరు, బుధవారాలు చాలవు. ఓ కుర్రాడు ఐదేళ్ళు పెట్టి చైనీస్ నేర్చుకుంటే, వాడికి గుర్గావ్ లో ఏదో కంపెనీ అనువాదానికి ఇచ్చే జీతం పరిశోధనలో ఎవరూ ఇవ్వరు. మనలాంటి వాళ్ళం జావా నేర్చుకుని ఆరు నెలల్లో సంపాదించేది వాడు పదేళ్ళకి కూడా చూడడు. విదేశీ డబ్బు తీసుకుందామంటే లైసెన్సు తలనొప్పులు. సెంటర్ ఫర్ పాలసీ రీసెర్చ్ లాంటి పేరున్న సంస్థకే 2024 జనవరిలో విదేశీ విరాళాల లైసెన్సు రద్దయింది. ప్రభుత్వ డబ్బు తీసుకుంటే ప్రభుత్వానికి నచ్చనిది రాయలేడు. ఇక మిగిలింది మన వ్యాపారస్తులు. వాళ్ళు గుళ్ళకీ, క్రికెట్ జట్లకీ ఇస్తారు, సరిహద్దు అవతలి పేపరు చదివే వాడికి ఇవ్వాలని ఎవరికీ తట్టదు. అదీగాక చరిత్ర రాద్దామంటే సొంత ఫైళ్ళే తెరవరు. 1962 ఓటమి మీద 1963లో ఇచ్చిన హెండర్సన్ బ్రూక్స్ నివేదికని ప్రభుత్వం ఇప్పటికీ బయటపెట్టలేదు. దాన్ని చూసి 1970లో పుస్తకం రాసిందీ, 2014లో అందులో చాలా భాగం ఇంటర్నెట్ లో పెట్టిందీ నెవిల్ మాక్స్ వెల్ అనే విదేశీ విలేఖరి. తప్పంతా భారత్ దేనని ఆయన తేల్చాడు. మనవాళ్ళకి ఒళ్ళు మండింది. మండితే ఏం లాభం, జవాబు చెప్పాల్సిన మన చరిత్రకారుడికి ఆ కాగితాలు చూపించలేదు కదా.

2017లో డోక్లాం గొడవ జరుగుతున్నప్పుడు పీపుల్స్ డైలీ వాళ్ళు 1962 సెప్టెంబరు 22 నాటి ఆ పాత సంపాదకీయాన్నే మళ్ళీ తీసి తమ వైబో పేజీలో పెట్టారు. ఈసారి మన పేపర్లు పట్టుకున్నాయి. అంతమాత్రం మెరుగయ్యాం. గల్వాన్ తర్వాత బెంగళూరు తక్షశిల సంస్థ నుంచి మనోజ్ కేవల్రమాని అనే ఆయన పీపుల్స్ డైలీని పేజీ పేజీ చదివి, అందులో ఏముందో ఇంగ్లీషులో పంపడం మొదలుపెట్టాడు. లాడనీ పాదిరీ పనే. చాలా రోజులు బోరింగ్ గా ఉంటుంది, అబద్ధం చెప్పను. ఫలానా మీటింగ్ లో ఫలానా నాయకుడు ఫలానా ఆలోచనా విధానాన్ని అధ్యయనం చెయ్యమన్నాడు, ఇంతే. పొద్దున్నే టీ తాగుతూ లాగ్ చూసే ఆపరేషన్స్ వాడికి తెలుసు, మూడొందల రోజులు బోర్ కొడితేనే మూడొందల ఒకటో రోజు తేడా కనపడుతుందని.

ఇదంతా చదివాక నేనూ చైనీస్ మొదలుపెట్టాను. నిపుణుణ్ణి అయిపోదామని కాదు, ఆ వయసు దాటిపోయింది. పొద్దున స్టాండప్ కాల్ కి ముందు అరగంట. ఏడాదిన్నరకి నాలుగొందల అక్షరాలు వచ్చాయి, అందులో వంద రోజూ మర్చిపోతుంటాను. పోయిన పండక్కి ఇంటికి వెళ్ళినప్పుడు ఫోన్లో వాళ్ళ పేపరు మొదటి పేజీ తెరిచి కూర్చుంటే మా నాన్న వచ్చి తొంగి చూశాడు.

"ఏమన్నా తెలుస్తోందా?" అన్నాడు.

"తేదీ, పేరు, మీటింగ్ అన్న మాట చదవగలుగుతున్నా నాన్నా."

"సరే కానీ," అని వెళ్ళి టీవీ సౌండ్ తగ్గించాడు.